చిటికెనవేలు

దెయ్యాల కొంప గుమ్మానికి అడ్డంగా ఒక ముసలావిడ కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

దాన్ని కూల్చడానికొచ్చిన పొక్లెయినర్ ఆవిడ పాదాలకు బారెడు దూరంలో ఆగిపోయింది.

"లే పెద్దమ్మా! రేకులు ఏరుకోవాలంటే సాయంత్రం రా," కేకేశాడు డ్రైవరు.

"నీ రేకులు నువ్వే కప్పుకో. నేను ఈ తలుపులోంచి లోపలికెళ్ళి, ఆ తలుపులోంచి బయటికొస్తాను. ఆ తర్వాత దీన్ని పొడి చేసుకుంటావో, పిండి చేసుకుంటావో నీ ఇష్టం."

డ్రైవరు తల గోక్కుని వెళ్ళి ఇంజినీరును, వాచ్‌మన్‌ను పిలుచుకొచ్చాడు.

సముద్రం ఒడ్డున ఆ పార్కు మూతపడి చాలా ఏళ్ళయింది. తొట్లు ఊడిన జెయింట్ వీలు, తోకల్లేని కొయ్యగుర్రాలు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన బొమ్మకార్లు మిగిలాయి. వాటన్నిటికంటే ముందు, ఒకప్పుడు పిల్లల్ని టికెట్టు పెట్టి మరీ హడలగొట్టిన ఈ దెయ్యాల కొంపే పోవాలని ఇంజినీరు పట్టుబట్టాడు.

"సారుకి దీంతో పాత పగ పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు. "చిన్నప్పుడు లోపల దెయ్యం పట్టుకుందంట!"

"ఎక్కడ పట్టుకుందేమిటి?"

ఇంజినీరుకు ఒళ్ళు మండింది. "చిటికెనవేలు. చీకట్లో దారి తప్పాను. చల్లటి చెయ్యొకటి నా చిటికెనవేలు పట్టుకుని లాక్కుపోయింది. ఎలా తప్పించుకున్నానో తెలీదు, బయటికొచ్చి పడ్డాను. ఇప్పటికీ లైటు వెయ్యందే నిద్ర పట్టదు. చాలా?"

"దెయ్యమన్నాక పీక పట్టుకోవాలి గానీ చిటికెనవేలేంటి సార్, స్కూల్లో దింపడానికా?" అన్నాడు డ్రైవరు.

ముసలావిడ నవ్వలేదు. అతని మొహంలోకి కాసేపు చూసింది. కుడి మణికట్టు నిమురుకుంది.

"అందుకా దీన్ని కూలుస్తున్నావు?"

"కప్పు కుళ్ళిపోయింది, అందుకు. అది నీ నెత్తిన పడితే జవాబు చెప్పాల్సింది నేను. లే!"

"ఈ గుమ్మంలోంచి అందరూ దర్జాగా వెళ్ళారు. నన్ను మాత్రం వెనక కన్నంలోంచి దూరమన్నారు. ఇవాళ ముందునుంచే వెళ్తాను. కాదనడానికి ఇక్కడ ఎవరు మిగిలారని?"

"ఊడ్చే మనిషివా?" అడిగాడు డ్రైవరు.

"ఊడ్చాను కూడా."

"ఊడ్చేవాళ్ళకి వెనక దారి చాల్లే," అన్నాడు ఇంజినీరు. "వాచ్‌మన్! లేపవయ్యా."

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు."

వాచ్‌మన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ తనంతట తనే లేచింది. చీర దులుపుకుంది. భుజంతో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఎవరన్నా వెళ్ళి తీసుకురండి!" అరిచాడు ఇంజినీరు.

డ్రైవరు కప్పు వంక చూశాడు. వాచ్‌మన్ సముద్రం వంక చూశాడు.

ఇంజినీరే సెల్‌ఫోన్ లైటు వేసుకుని లోపలికి నడిచాడు.

మలుపు తిరగ్గానే ఏదో కాలికి తగిలింది. ఫోను ఎగిరిపడి ఆరిపోయింది.

అంతే. గోడకు ఆనుకుని అక్కడే నిలబడిపోయాడు. పైన రేకు కిర్రుమంది.

చీకట్లోంచి ఒక చల్లటి చెయ్యి అతని చిటికెనవేలు పట్టుకుంది.

"కళ్ళు మూసుకో నాయనా. ఈ చీకటి వీళ్ళు డబ్బుల కోసం కట్టింది. కళ్ళు మూసుకుంటే వచ్చే చీకటి నీ సొంతం. దానికేం భయం?"

మూసుకున్నాడు.

"తల వంచు... ఇక్కడ గడప... ఆఁ, వచ్చేశాం."

కళ్ళు తెరిస్తే ఎదురుగా సముద్రం. చుట్టు తిరిగి వచ్చిన డ్రైవరూ వాచ్‌మనూ తన వేలి వంకే చూస్తున్నారు. అది ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

సిగ్గుతో విదిలించుకున్నాడు.

"ఈ పిచ్చిదాన్ని గేటు బయటికి పంపండి! మళ్ళీ కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తాను!"

"పంపడానికి నువ్వెవరు? నా పని అయింది, నేనే పోతున్నాను. ముందు గుమ్మంలోంచే వెళ్ళాను, చూశారుగా? ఇంక పడగొట్టుకోండి."

తలెత్తుకుని నడిచింది. కొయ్యగుర్రాల దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"ఈసారి కొరకలేదు, నయం!" అంది.

డ్రైవరు పగలబడి నవ్వుతూ పొక్లెయినర్ ఎక్కాడు. ఒక్క దెబ్బకు ముందు గోడ కూలింది.

ఇంజినీరు నవ్వలేదు. కొరికిన సంగతి అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కన్నతల్లికి కూడా.

గేటు దాకా పరిగెత్తాడు. ఆవిడ ఎక్కిన బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

చీకట్లోకి లాక్కుపోతోందని తను కొరికిన ఆ దెయ్యం చెయ్యి, ఆ రోజు కూడా తనను బయటికే నడిపించింది.