చివరి పది నిమిషాలు

"మళ్ళీ అక్కడే ఆపాడే!" అన్నాడు మేస్త్రి, రిమోట్ చేతిలో పట్టుకుని.

వంటింట్లోంచి భార్య తొంగి చూసింది. "ఎవరండీ?"

"ఇంకెవరు, అన్నయ్య. బొమ్మ కింద ఆ ఎర్రగీత ఎక్కడిదాకా వచ్చిందో చూడు. ఇంకా పది నిమిషాల సినిమా ఉంది. అంతే, లేచి వెళ్ళిపోయాడు."

టీవీలో సినిమా బొమ్మ కింద ఎర్రగీత పాకుతూ వచ్చి, చివరికి కాస్త ముందు ఆగి ఉంది. నిన్న సాయంత్రం అద్దెకు తీసుకున్న సినిమా అది. మేస్త్రి సగం చూసి, కునుకు పట్టి ఆపేశాడు. తెల్లవారి చూస్తే గీత జరిగి ఉంది.

టీవీ పక్కనున్న నల్ల పెట్టె అన్నయ్య కూతురు పెట్టించింది. అక్కడ వాళ్ళ నాన్నకొకటి, ఇక్కడ చిన్నాన్నకొకటి. ఖాతా మాత్రం ఒకటే. "ఒకరు సినిమా తీసుకుంటే అందరికీ వస్తుంది చిన్నాన్నా. ఇళ్ళలో, ఫోన్లలో, ఎక్కడైనా చూసుకోవచ్చు. రెండు రోజులుండి పోతుంది" అని చెప్పి వెళ్ళింది. ఆ పిల్ల ఎత్తు ఏమిటో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

అన్నదమ్ములకు మాటల్లేక ఆరేళ్ళు. తంటా ఆ పిల్ల పెళ్ళిలోనే వచ్చింది. మేస్త్రి వాచీలు, గోడ గడియారాలు బాగుచేస్తాడు. అలాంటివాడు పెళ్ళికి గంట ఆలస్యంగా వెళ్ళాడు. "ఊరందరి గడియారాలూ సరిచేస్తాడు. వీడి టైమే సరిగ్గా ఉండదు" అన్నాడు అన్నయ్య నలుగురిలో. అందరూ నవ్వారు. మేస్త్రి మొహం మాడ్చుకుని, భోజనం ముట్టకుండా వెనక్కొచ్చేశాడు.

"తాళం వేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి తిప్పింది నేను. ఆ మాట పడాల్సింది కూడా నేనే" అని భార్య ఆరేళ్ళుగా అంటూనే ఉంది.

"ఆ గీత అన్నయ్యదే" అన్నాడు మేస్త్రి. "చిన్నప్పుడూ ఇంతే. పైకి రాయిలా ఉండేవాడు కానీ, సినిమాలో ఎవరైనా చచ్చిపోతే చూడలేడు. చివరి పది నిమిషాలున్నాయనగా లేచి హాలు బయటికి పోయేవాడు. ఇంటికి నడుస్తుంటే 'చివరికి ఏమైందిరా?' అని అడిగేవాడు."

"మీరేమో చచ్చిపోయినవాళ్ళని కూడా బతికించి చెప్పేవారు. ఎన్నిసార్లు విన్నానో" అంది భార్య. "ఇప్పుడు కూడా ఫోన్ చేసి చెప్పండి. ఆయన దానికోసమే ఆపాడేమో."

"అడగనీ. అడిగితే చెప్తాను."

"మీరే ముందు చెప్తే అరిగిపోతారా?"

"నలుగురిలో నవ్వించింది ఆయన. అడగాల్సింది కూడా ఆయనే."

"అయితే కూర్చోండి, చెరో టీవీ ముందు!" అని భార్య విసురుగా లోపలికి వెళ్ళింది.

అప్పటినుంచి వారానికో సినిమా. మేస్త్రి ఏరి ఏరి ఏడుపు సినిమాలే తీసుకునేవాడు. కావాలనే సగంలో ఆపేవాడు. మర్నాటికి గీత జరిగేది. ఎప్పుడూ చివరికి ముందే ఆగేది. ఆ మిగిలిన పది నిమిషాలు తను చూసి, చచ్చినవాళ్ళని ఎలా బతికించాలో దుకాణంలో పని చేసుకుంటూ ఆలోచించేవాడు. ఫోన్ మోగితే కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి చూసేవాడు. అన్నయ్య కాదు.

"మీ అన్నయ్యతో మాటలు కలిశాయా?" అని పక్క దుకాణం దర్జీ అడిగాడు ఒకరోజు.

"కలిసినట్టే. కలిసి సినిమాలు చూస్తున్నాం."

అలా ఏడాది గడిచింది.

"బావగారికి ఒంట్లో బాగుండటం లేదట. ఒకసారి వెళ్ళొద్దామండీ" అంది భార్య.

"బాగులేనివాడు వారం వారం సినిమాలు చూస్తాడా? నిక్షేపంలా ఉన్నాడు. నన్ను రప్పించడానికి తండ్రీకూతుళ్ళు ఆడుతున్న నాటకం."

భార్య ఏదో అనబోయింది. పొయ్యి మీద పాలు పొంగాయి. మాట మింగి లోపలికి వెళ్ళింది.

ఇరవై రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. అన్నయ్య కూతురు ఏడుస్తోంది.

మూడు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళారు. అన్నయ్య ముందు గదిలో పడుకుని ఉన్నాడు. పక్కన టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. చావింట్లో టీవీ ఎవరు పెడతారులే అనుకున్నాడు మేస్త్రి.

"నాలుగు నెలలుగా మంచం మీదే, చిన్నాన్నా" అంది ఆ పిల్ల. "తలుపు చప్పుడైతే చాలు, 'వాడేనా?' అనేవాడు. పిలవనా అంటే వద్దన్నాడు. తనంతట తను రావాలన్నాడు."

అంతా అయిపోయేదాకా మేస్త్రి ఒక మూల నిలబడే ఉన్నాడు.

తిరుగు బస్సులో మాత్రం నోరు విప్పాడు. భార్యకు తెలిసి అంత మాట్లాడింది లేదు.

"ఒక్కసారి అడిగి ఉంటే! 'చివరికి ఏమైందిరా' అని ఒక్క మాట. రెక్కలు కట్టుకుని వాలేవాణ్ణి."

మేస్త్రి భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నేనే వెళ్ళాల్సింది. ప్రతి వారం అనుకునేవాణ్ణి. తెల్లారేసరికి గీత జరిగి ఉండేది. చూస్తున్నాడు కదా, బాగానే ఉన్నాడు కదా అని ఊరుకున్నాను. ఆ గీతే లేకపోతే ఎప్పుడో పోయి కాళ్ళమీద పడేవాణ్ణి."

బస్సు ఎక్కడో ఆగింది. ఎవరో దిగారు. మళ్ళీ కదిలింది.

"అయినా చూడు, నాలుగు నెలలు మంచాన పడి కూడా ఒక్క వారం తప్పించలేదు. నాకోసమే చూశాడు. ఆ ఒక్కటీ మిగిలింది నాకు."

భార్య తన చేతిని అతని చేతిలోంచి మెల్లగా తీసుకుంది. కిటికీ వైపు తిరిగింది.

"ఆ సినిమాలన్నీ చూసింది నేనండీ."