వెండి వద్దన్న డ్రైవరు

"నన్ను వెండి డ్రైవరును మాత్రం చేయకండి సార్. మీకు పుణ్యముంటుంది," అన్నాడు క్లైవ్ థ్రెల్‌ఫాల్, తడిసిన టోపీని రెండు చేతులతో పిండుతూ.

బ్రాండ్స్ హాచ్ రేసు మైదానం వెనక రేకుల గదిలో ఉన్నారు వాళ్ళు. పైకప్పు మీద వాన దడదడలాడుతోంది. అధికారి హార్బాటిల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ప్రతి సీజన్ చివరా నాకు ఇదే గోల. బాగా నడుపుతున్నావు నాయనా అంటే ఒక్కడూ ఒప్పుకోడు."

ఎలా ఒప్పుకుంటారు? ఈ జీటీ కార్ల పోటీలో కారుకు ఇద్దరు డ్రైవర్లు. ఒకడు జీతానికి నడిపే కుర్రాడు, రెండోవాడు సరదాకి నడిపే ఆసామి. డ్రైవర్ల వేగం చూసి హార్బాటిల్ తరగతులు ఇస్తాడు: నెమ్మదివాళ్ళు కంచు, అంతకంటే వేగంగా నడిపేవాళ్ళు వెండి. ఆ ఆసామి కంచు తరగతివాడే అయి ఉండాలి. ప్రెస్టన్‌లో కిటికీలూ తలుపులూ అమ్ముకునే క్లైవ్ అలాంటి కంచు ఆసామి. నిజానికి వాళ్ళది అసలు పందెం కూడా కాదు. పెద్ద కార్ల పందేనికి ముందు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండగా జరిగిపోయే చిన్న పందెం. అయినా కప్పు కప్పే. ఈ సీజన్లో క్లైవ్ కారే అందరికంటే ముందుంది. రేపే ఆఖరి పందెం. ఈలోగా అతనికి వెండి తరగతి అంటగడితే, ఏప్రిల్ నుంచి కూడబెట్టిన పాయింట్లన్నీ నీళ్ళపాలే.

"నేనెంత నెమ్మదో చెప్పడానికి సాక్షిని తెచ్చాను సార్. నా భార్య గ్లెనిస్."

పక్క కుర్చీలో టీ తాగుతున్న గ్లెనిస్ ఈ మాట కోసమే కాచుకుని ఉంది.

"ఈయనది నత్తనడకండీ. మొన్న పెద్ద రోడ్డు మీద గుర్రబ్బండి మా కారును దాటిపోయింది. పోతూ పోతూ ఆ గుర్రం మావంక జాలిగా చూసింది కూడా."

"అప్పుడు మనం ఎత్తు ఎక్కుతున్నాం కదా," అని గొణిగాడు క్లైవ్.

"దిగుతున్నాం. ఇంకా వినండి. మా అమ్మను చర్చికి తీసుకెళ్ళమంటే, ఆవిడ విసుగెత్తి మధ్యలో దిగి నడిచిపోయింది. ఈయనకంటే ముందే చేరింది."

"మీ అమ్మ అడ్డదారిన పోయింది!"

"నోరు మూసుకో క్లైవ్. నిన్ను గెలిపిస్తున్నాను."

"మరి పాయింట్లు ఎలా వచ్చాయమ్మా?" అన్నాడు హార్బాటిల్.

"ఈయన పోగొట్టిందంతా ఆ కుర్రాడు కీరన్ రాబడుతున్నాడండీ, పాపం."

హార్బాటిల్ నవ్వు ఆపుకుంటూ కంప్యూటర్ తెరను వాళ్ళవైపు తిప్పాడు.

"అయితే దీనికేమంటారు? జూన్‌లో ఔల్టన్ పార్క్ పందెం. థ్రెల్‌ఫాల్ గారి వంతులో తిరిగిన ప్రతి చుట్టూ జీతగాళ్ళకంటే వేగంగా ఉంది."

క్లైవ్ టోపీని మళ్ళీ పిండాడు. "ఆ రోజు వెనక నుంచి గాలి కొట్టింది సార్."

"గుండ్రటి బాటలో గాలి ఎప్పుడూ వెనక నుంచే కొట్టిందా?"

"గాలి కూడా మాతోపాటే తిరిగింది సార్."

"ఈ మలుపు చూడండి. అందరూ భయపడి ముందే బ్రేకు తొక్కేశారు. మీరు చివరిదాకా ఆగి తొక్కారు. ఎంత గుండె కావాలి దానికి!"

"అంత బాగుందా అండీ?" అని ముందుకు వంగింది గ్లెనిస్.

"అద్భుతం!"

"అద్భుతమూ లేదు, పాడూ లేదు సార్," అన్నాడు క్లైవ్ కంగారుగా. "బ్రేకు ఎక్కడుందో కాలికి దొరకలేదు. వెతుక్కునేసరికి ఆలస్యమైంది."

"మరి ముందున్న కారును లోపలివైపు నుంచి దాటారే?"

"భయంతో కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది వెనక ఉంది."

"మరీ అలా చెప్పకు క్లైవ్," అంది గ్లెనిస్. ఆమె ముఖం ఎర్రబడింది.

మొగుణ్ణి తాను ఎన్నయినా అంటుంది గానీ, అతను తనను తానే తక్కువ చేసుకుంటే మాత్రం ఏ భార్యకైనా కష్టమే అనుకున్నాడు హార్బాటిల్.

"నువ్వుండు గ్లెనిస్. ఉన్నమాట చెప్తున్నాను సార్. ఆ రోజు ఆ సీట్లో ఓ గొర్రెను కూర్చోబెట్టి బెల్టు కట్టినా అలాగే పోయేది. కాస్త బుర్రున్న గొర్రె అయితే ఇంకా నయంగా నడిపేది."

హార్బాటిల్ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. "సరే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కరోజు పడ్డారనుకుందాం. ఇంతగా చెప్తున్నారు కాబట్టి మీరు కంచుగానే ఉండండి." సంతకం చేయడానికి పెన్ను మూత తీశాడు. ఏప్రిల్ తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చుకున్నవాడిలా క్లైవ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

గ్లెనిస్ టీ కప్పును ఠక్కున బల్లమీద పెట్టింది.

"ఆగండి సార్! ఆ రోజు పాడైన రొయ్యలు తిని ఈ పెద్దమనిషి మరుగుదొడ్డిలోంచి బయటికి రాకపోతే, ఈయన హెల్మెట్ తగిలించుకుని ఆ కారు నడిపిన గొర్రెను నేనే. ఆ వెండి ఏదో నా పేరున రాయండి!"