ఎల్డర్ రమాకాంత్ సాక్ష్యం

రెండేళ్ల సేవ ఇంకో నెలలో ముగుస్తుందనగా, రమాకాంత్ చేతుల మీదుగా ఒక్కరికి కూడా బాప్తిస్మం జరగలేదు.

లోపం తనలో లేదని అతని నమ్మకం. ఉదయం ఆరున్నరకే లేచేవాడు. చదవాల్సింది చదివేవాడు. వరంగల్ ఎండలో కూడా టై ముడి వదులు చేసేవాడు కాదు. చాయ్, కాఫీ ముట్టేవాడు కాదు. మోర్మన్ చర్చి మిషనరీకి ఉండాల్సినవన్నీ అతనికి ఉన్నాయి, వినేవాళ్లు తప్ప.

ఇంకో లోటు కూడా ఉంది. దాని పేరు శ్యాంసుందర్. మిషనరీలు జంటగానే తిరగాలి, ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. అది నియమం. ఆ నియమం కింద రమాకాంత్‌కు దొరికిన జోడీ సిరిసిల్ల మరమగ్గాల ఇంటి పిల్లవాడు. గుచ్చి గుచ్చి అడిగినా నోట్లోంచి మాట ఊడిపడదు.

అలాంటివాడు ఒకరోజు కొత్తవాడ సందులో టక్కున ఆగాడు. ఓ కిటికీలోకి చూసి, "తాతా, ఎడమ దిక్కు పోగు తెగింది," అన్నాడు.

లోపల జంపఖానా నేస్తున్న కట్టయ్య చూసుకున్నాడు. నిజంగానే తెగింది. లోపలికి రమ్మన్నాడు. పిలవనిదే ఎవరి గడపా తొక్కకూడదని వాళ్లకు ఇంకో నియమం. పిలిచాడు కాబట్టి తొక్కారు.

కట్టయ్య కళ్లజోడు పెట్టుకుని ఇద్దరి జేబుల మీది నల్ల బిళ్లలూ తీరిగ్గా చదివాడు. వాటి మీద ఇంటిపేర్లే ఉంటాయి.

"ఎల్డర్ అంటే ఏంది?"

"పెద్ద అని అర్థం, తాతగారూ," అన్నాడు రమాకాంత్.

"మీసాలే సక్కగ రాలే. అప్పుడే పెద్దలైండ్రా?" అని, వచ్చే వారం కూడా రమ్మన్నాడు.

ఆ రోజు సంతోషంతో రమాకాంత్‌కు అన్నం సహించలేదు.

వారం వారం వెళ్లారు. రమాకాంత్ చాప మీద కూర్చుని బోధించేవాడు. పని ఆగకుండా శ్యాంసుందర్ కట్టయ్య జాగాలో, అతని భార్య మొగిలమ్మ పక్కన మగ్గం మీద కూర్చునేవాడు. బోధించాల్సినవాడు నేస్తూ కూర్చోవడం రమాకాంత్‌కు మంటగా ఉండేది. కట్టయ్య మాత్రం శ్రద్ధగా వినేవాడు. చూపు అప్పుడప్పుడు మగ్గం వైపు పోయేది. నేతగాడికది సహజమే అనుకున్నాడు రమాకాంత్.

"నిజంగనే మందు ముట్టరా?" అని అడిగాడో రోజు కట్టయ్య.

"ముట్టమండి."

"మా ఒక్కగానొక్క కొడుకు దాంతోనే పోయిండు. వాని బిడ్డ ఇందును మేమే సాదినం. ఇప్పుడు మడికొండల కంప్యూటర్ నౌకరి చేస్తాంది. మందు పేరెత్తితెనే దానికి మంట."

రమాకాంత్‌కు ఈ ఇంటికి దేవుడే తనను పంపాడని అప్పుడు తోచింది.

కట్టయ్య కాస్త ముందుకు జరిగాడు. "నీ గురించి నువ్వు మంచిగనే చెప్పుకుంటవు బిడ్డా. పక్కోని సంగతి చెప్పు. ఈ నియమాలతోని మనిషి బాగుపడుతడో లేదో మాకు తెల్వాలె గద."

న్యాయమైన ప్రశ్నే. చెప్పడానికి ఫిర్యాదులు బోలెడున్నాయి. కానీ అబద్ధమాడకూడదు, ఉన్న మంచిని దాచినా అబద్ధమే.

"నాకు జ్వరమొచ్చినప్పుడు నా చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేశాడండి. చేశానని ఇప్పటికీ చెప్పలేదు."

"కోపమొస్తదా?"

"ఒక్కసారే వచ్చింది, నామీదే. మర్నాడు తనే వచ్చి క్షమాపణ అడిగాడు. తప్పు నాదే."

"ఫోన్ల ఎవలతోనన్న ముచ్చట్లు పెడ్తడా?"

"వారానికోసారి వాళ్లమ్మతో మాట్లాడతాడు. అంతే."

ఇవన్నీ చెబుతుంటే రమాకాంత్‌కు సిగ్గేసింది. ఇన్నాళ్లూ పక్కనే ఉన్న మనిషి గురించి ప్రార్థనలో కూడా ఒక్క మంచిమాట అనలేదు. ఆ వారం నుంచి అనడం మొదలుపెట్టాడు. మగ్గం మీద కూర్చున్నాడని మనసులో విసుక్కోవడం మానేశాడు.

ఒకరోజు కట్టయ్య ఫోన్ చేశాడు. "మేమొక నిర్ణయానికొచ్చినం బిడ్డా. శనివారం రాండ్రి. రఘునాథపల్లి నుంచి మా బామ్మర్ది గూడ వస్తాండు."

రమాకాంత్ ఉన్నచోటే మోకరిల్లాడు. శనివారం నాడు బాప్తిస్మానికి వేసుకునే తెల్లబట్టలు బ్యాగులో సర్దుకున్నాడు, కట్టయ్య నడుము కొలత ఉజ్జాయింపుగా చూసి.

వెళ్లేసరికి ఇల్లు అలికి ముగ్గు పెట్టి ఉంది. బామ్మర్ది సిద్దిరాములు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చాయ్ తాగరని మొగిలమ్మ బెల్లం పాలు ఇచ్చి, శ్యాంసుందర్‌ను మగ్గం మీదికి తీసుకుపోయింది. ఆ చప్పుడులో అతనికి ఇక్కడి మాట వినబడదు.

"మా బావకు నువ్వు చెప్పిందంత నిజమేనా?" అన్నాడు సిద్దిరాములు. "దేవుని ముందట చెప్తవా?"

రెండేళ్లుగా రమాకాంత్ అడగనివాళ్లకు సాక్ష్యం చెబుతూ తిరిగాడు. అడిగినవాడు ఇతనొక్కడే. లేచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ప్రతి మాటా నిజమని సాక్ష్యమిస్తున్నాను," అన్నాడు.

బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు. రమాకాంత్ బ్యాగు జిప్పు తీసి తెల్లబట్టల మీద చెయ్యి వేశాడు.

కట్టయ్య అతని భుజం తట్టాడు. "ఇరవై నాలుగ్గంటలు పక్కపొంటి ఉండెటోనివి, అబద్ధమాడనోనివి, నీకంటె మంచిగ ఎవలు చెప్తరు బిడ్డా, ఇగ జర ఆ శ్యాంసుందర్ వాళ్ల నాయిన నంబరియ్యి, మా ఇందు సంబంధం మాట్లాడుతం."