హేమ్లి చేతి బలియాలు

"ముందు ఆమెను ఏడుపు ఆపమనండి" అంది వకీలు ప్రమీలారాణి. "మొగుడు పోయినామె రాయిలాగా కూర్చుంది. ఈమెకెందుకు ఇంత ఏడుపు?"

ఖమ్మంలో లేబర్ ఆఫీసు వరండా. టేకులపల్లి అవతల అడవి అంచు తండా నుంచి ముగ్గురు తొలి బస్సుకే వచ్చి కూర్చున్నారు. హేమ్లి. పాలు తాగే పిల్లను చంకనేసుకుని ఏడుస్తున్న సక్రి. వాళ్లకు తోడుగా ఒక మగమనిషి. తన పేరు భద్రు అనీ, క్వారీలో పోయినవాడు తన అన్న దస్రు అనీ, హేమ్లి తన వదిన అనీ అతను మొదటి రోజే చెప్పాడు. సక్రిని చూపించి "నా పెండ్లం" అన్నాడు. ఆ మాటకు సక్రి ముసుగు గడ్డం దాకా లాక్కుంది. సిగ్గు కాబోలు అనుకుంది ప్రమీలారాణి.

"జర మెత్తటి మనిషమ్మా. ఊకుంటది" అన్నాడతను ఇప్పుడు.

కేసు చిన్నదే. క్వారీలో తూటా పేల్చాక పైనుంచి బండ జారింది. కింద ఒక మనిషి. బండ తీసి చూస్తే ఆనవాలు పట్టడానికి మొహం మిగల్లేదు. హాజరు మస్టర్‌లో ఆ పూట ఆ చోట పని చేస్తున్నవాడి పేరు దస్రు అని ఉంది. కాంట్రాక్టరు వెంకటరామారావు సాయంత్రానికల్లా కట్టెలు తెప్పించి, సొంత లారీలో శవాన్ని వాగు ఒడ్డుకు చేర్పించి కాల్పించేశాడు. ఎంత పుణ్యాత్ముడో అనుకున్నారు జనం. శవం మీద ఉన్న తొందర ఆ మహానుభావుడికి శవం తాలూకు మనుషుల మీద లేదు. నష్టపరిహారం అడిగితే, కేసు వేసుకోండి పొమ్మన్నాడు.

"ఇది పోతే ఏం చేస్తారు?" అని అడిగింది ప్రమీలారాణి.

"ఏం జేస్తమమ్మా? ఆడోళ్లు గూడ అదే క్వారీకి పోవాలె. పిల్లను గా బండల కాడనే పండవెట్టుకోవాలె."

లోపల్నుంచి పిలుపు వచ్చింది.

కాంట్రాక్టరు తరఫు ప్లీడరు నెమ్మదస్తుడు. గొంతు పెంచకుండానే గొంతు కోసే రకం.

"అయ్యా, క్వారీల్లో ఒకడి పేరు మీద ఇంకొకడు పనికి రావడం మామూలే. ఒకడికి జ్వరమొస్తే, ఆ పని పోకుండా వాడి పేరు చెప్పుకుని వేరేవాడు దిగుతాడు. మేం పనిలో పెట్టుకున్నది దస్రును. చనిపోయింది దస్రే అయితే కాదనం. ఎవడో దొంగపేరుతో వచ్చి చస్తే మా కాంట్రాక్టరుకేం సంబంధం?"

"భార్య ఎదురుగా ఉంది కదా!" అంది ప్రమీలారాణి.

"ఉంది. ఆవిడ చేతులు చూడండి."

అందరూ చూశారు. హేమ్లి రెండు చేతులకూ మోచేయి పైనుంచి భుజం దాకా తెల్లటి బలియాలు, వరసగా వెడల్పాటి గాజులు.

"లంబాడా ఆడవాళ్లు పెళ్లినాడు తొడుక్కున్న ఈ బలియాలను భర్త పోతే తీసేస్తారు. ఈమె తియ్యలేదు. అంటే దస్రు ఎక్కడో బతికే ఉన్నాడు."

ప్రమీలారాణికి చట్టమంతా నోటికి వచ్చు. ఈ గాజుల సంగతి మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

విచారణ చేస్తున్న ఆఫీసరు భద్రాచలం వైపు చాలా ఏళ్లు పనిచేసినవాడు. ఆయనకు తెలుసు.

"ఏమ్మా, ఎందుకు తియ్యలేదు?"

హేమ్లి బలియాలు ఒకసారి తడుముకుంది. తర్వాత అంది:

"మనసొప్పలే సారూ. తీస్తే ఆయన నిజంగనే పోయినట్టయితది."

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాపం అనిపించింది. కానీ జాలిపడి తీర్పు రాయలేడు.

"నీ మనసు సంగతి నేను రాసుకోలేనమ్మా" అన్నాడు.

హేమ్లి గుమ్మం వైపు ఒక్కసారి చూసింది. తోడొచ్చి అక్కడ నిలబడ్డ మగమనిషి తల దించుకున్నాడు.

ఆమె కుడి చేతి బలియాలు పట్టుకుని కిందికి లాగింది. పెళ్లినాటి నుంచీ కండ పట్టి ఉన్నాయవి. మోచేయి దగ్గర ఆగిపోయాయి. ఇంకా బలంగా లాగింది. చర్మం లేచింది. రానివాటిని బల్ల అంచుకేసి కొట్టింది. ముక్కలు ఆఫీసరు కాగితాల మీదికి ఎగిరాయి.

"వద్దక్కా!" అంటూ సక్రి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. హేమ్లి ఆమెను తోసేసి ఎడమ చెయ్యి మొదలుపెట్టింది. నొప్పికి కూడా నోరు తెరవలేదు. నెత్తురు మాత్రం మణికట్టు దాకా కారింది. చూడలేక బంట్రోతు బయటికి పోయాడు.

రెండు చేతులూ బోసిపోయాక ఆమె వాటిని ఆఫీసరు ముందు చాపింది.

"ఇగ రాస్కో సారూ."

ఆఫీసరు ప్లీడరు వైపు తిరిగాడు.

"మొగుడు బతికుండగా ఈ పని చేసే ఆడది ఆ అడవిలో ఎక్కడా లేదు. మీరు కూర్చోండి."

నష్టపరిహారం మొత్తం కాంట్రాక్టరే కట్టాలని ఉత్తర్వు అయింది. అంతసేపూ వెనక కూర్చున్న వెంకటరామారావు మొహం మాడ్చుకుని పోయి కారెక్కాడు.

వరండాలో ప్రమీలారాణి "గెలిచాం హేమ్లీ!" అంటూ చెయ్యి పట్టుకోబోయి, చర్మం ఊడిన ఆ చేతిని చూసి ఆగిపోయింది. ఉత్తర్వు నకలు తెస్తానని గబగబా లోపలికి వెళ్లింది.

ఆమె కనుమరుగయ్యే దాకా ఆగి, ఇన్నాళ్లూ తమ్ముడి పేరు చెప్పుకుని తిరిగిన దస్రు, తన పెళ్లాం హేమ్లి బోసి చేతుల వంక చూడలేక సక్రి వైపు తిరిగి, "ఇగ నువ్వు గూడ తియ్ బిడ్డా, భద్రు పోయి ఏడాది కావస్తున్నది" అన్నాడు.