బిగించిన వంతెన

పదకొండోసారీ వంతెన విరిగి లారీ నీళ్లలో పడింది. నాన్సీ మౌస్‌ను బల్లకేసి కొట్టింది.

"చెత్త గేమ్, డాడీ! పోల్చి రాయమని ఆఫీసువాళ్లిచ్చిన రెండింట్లో, మొదటి గేమ్‌లో ఇదే వంతెన బండలా నిలబడింది. దీంట్లోనే లోపముందని రివ్యూ పంపేస్తాను. గంటలో ఇవ్వకపోతే ఈ ఉద్యోగమూ పోతుంది."

అండమాన్‌లోని వండూర్ జెట్టీలో పడవలకు తాళ్లు కట్టే ఏలీయా కూతురి భుజం మీంచి తెరలోకి తొంగిచూశాడు.

"అరే బేటీ, నీళ్లు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. తేలే తెప్పకి వంతెనని అలా బిగించేస్తే ఇరిగిపోదేటి? పడవ తాడుకి మనం వదులివ్వమా?"

నాన్సీ విసుగ్గానే తెప్ప వైపు కొసను వదులు చేసింది. అల లేచింది. వంతెన ఊగింది. లారీ దాటేసింది.

వెంటనే ఆమె మొదటి గేమ్ తెరిచింది. అందులో నీళ్లు అసలు కదలడమే లేదు.

"ఛ! పొద్దుటినుంచీ రెండు పేజీలు పొగిడింది దీన్నే, డాడీ!" అంటూ రాసిందంతా చెరిపేసింది.