ఐదో అంతస్తుకు సాండ్‌విచ్

"మళ్ళ అచ్చిందా?" చేతిలో చాకు కింద పెట్టకుండానే అడిగింది నర్సమ్మ.

క్యాంటీన్ సూపర్‌వైజర్ చలపతిరావు పళ్ళెం బల్ల మీద పెట్టాడు. అంచులు కోసేసిన తెల్ల బ్రెడ్డు, నడుమ ఉడికించి మెదిపిన గుడ్డు. ఒక్క మూల కొరికి ఉంది. అంతే.

"జపానాయనకు బాగానే ఉందట. కానీ వాళ్ళ దేశంలో గుడ్డు ఇంకా మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుందట. రేపు పండ్లది చెయ్యమన్నారు."

"పండ్లదేంది సారూ? రొట్టెల నడుమ పండ్లా?"

"పండ్లూ, చక్కెర వేసి చిలికిన మీగడా. కోస్తే పండు పువ్వులా కనబడాలట. అక్కడ స్ట్రాబెర్రీ పెడతారు."

"ఈడ బొప్పాయి ఉన్నది."

అంట్లు తోముతున్న మల్లమ్మ పక్కున నవ్వింది. "నిన్న నూడుల్సు బన్నుల కుక్కమన్నడు. మొన్న కోడి కట్లెట్టు మీద కాబేజీ తురిమెయ్యమన్నడు. అంతకు ముందు ఆలుగడ్డ వడను రొట్టెల పెట్టిపిచ్చిండు. ఆ దేశంల అన్నం పుట్టదా, సారూ?"

"అన్నమూ పుడుతుంది. నీలాంటి నోరు మాత్రం పుట్టదు. తోము, తోము."

మాదాపూర్ రాళ్ళ మధ్య ఆ అద్దాల మేడ లేచి ఏడాది కాలేదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిరగబడతాయట, ఆ గండం గట్టెక్కించే పని పైన జరుగుతోంది. ఆ పని చూడ్డానికే జపాన్ నుంచి ఒకాయన దిగాడు. వంటగది నేలకింద. కిటికీ లేదు, గాలి లేదు. వంటవాళ్ళకు మెళ్ళో కార్డు లేదు గనుక పైకి వెళ్ళే హక్కూ లేదు. కింద ఎవరు ఉడికిపోతున్నారో పైవాళ్ళకు పట్టదు, పైన ఏం జరుగుతోందో కిందవాళ్ళకు తెలియదు. పైకి పళ్ళెం మోసేది చలపతిరావు ఒక్కడే.

అదే మేడ కట్టేటప్పుడు తట్టలు మోసి నర్సమ్మ నడుము విరగ్గొట్టుకుంది. ఇక తట్ట ఎత్తలేదు. నిలబడి గరిట తిప్పగలదు, అంతే. మొగుడు లేడు. ఈ పొయ్యి ఆరితే ఇంట్లో పొయ్యీ ఆరుతుంది. దాచుకోవడానికి ఏముంది ఇందులో!

ఫోన్ మోగింది. చలపతిరావు ఎత్తి, లేచి నిలబడ్డాడు. అవతల క్యాంటీన్ కాంట్రాక్టర్ భీమేశ్వరరావు అన్నమాట.

"ఉన్నారండీ... ఇంకా ఉన్నారండీ. పని తెమల్లేదటండీ... అలాగేనండీ, వెళ్ళగానే చెబుతానండీ."

పెట్టేసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమంటడు?" అంది నర్సమ్మ.

"ఏమంటాడు, పాత పాటే. జపానాయన ఉన్నంతవరకే ఈ వంటగది. ఆయన విమానం ఎక్కిన రోజే పొయ్యిలు ఆర్పేసి, అమీర్‌పేట నుంచి అందరికీ పొట్లాలు తెప్పిస్తాడట."

"మరి మేము?"

చలపతిరావు లేచి పళ్ళెం మల్లమ్మ ముందు పెట్టాడు. మొహం పీక్కుపోయి, ఈమధ్య ఆయన ముసలాడైపోయాడు.

ఆ రాత్రి నర్సమ్మకు ఒకటే ఆలోచన. తిండి పడక ఆ దొర విసుగెత్తి ముందే వెళ్ళిపోతే? ఎలాగైనా ఆయన నోటికి రుచి తగలాలి.

మర్నాడు మీగడ చిలికి చిలికి చెయ్యి పడిపోయింది. బొప్పాయి, ద్రాక్ష, అరటి వరసగా పేర్చి, తడిగుడ్డలో చుట్టి, కదలకుండా కోసింది. పువ్వే! మల్లమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"దీన్ని కూడా వద్దంటే వాడు మనిషి కాదే!"

చలపతిరావు పళ్ళెం అందుకుని వెళ్ళాడు. నర్సమ్మ కొంగు బిగించింది.

"నేను గూడ పోతున్న."

"యాడికే? కార్డు లేదు, పట్టుకుంటరు!"

"పట్టుకోనీ. ఏం గావాల్నో ఆయన్నే అడుగుత. ఆయన మొకం నేను జూడాలె."

వెనక మెట్లు ఎక్కింది. మూడో అంతస్తుకే నడుము నిప్పులు కక్కింది. గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కింది. ఐదో అంతస్తు మలుపులో ఆగిపోయింది.

చలపతిరావు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పళ్ళెం. సాండ్‌విచ్ ఒక మూల కొరికి, ఎలాగో మింగి, మిగతాది జాగ్రత్తగా పళ్ళెంలో సర్దుతున్నాడు.

నర్సమ్మకు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఆ కొరికిన మూల ఎవరిదో ఇప్పుడు తెలిసింది!

"థూ! సిగ్గు లేదా సారూ? ఎంగిలి జేసి పెడుతున్నవా దొరకు? ఎంగిలి కూడు ఎవడు తింటడు? అందుకే వద్దంటుండు ఆయన! నీ నోటి చాపల్యానికి మా కడుపులు మాడాల్నా?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. మీగడ మూతికంటి ఉంది.

"నర్సమ్మా, మెల్లిగా! నీకు దండం పెడతాను, కిందికి పద."

"ఎందుకు పోత? చెప్పే పోత."

"చెబితే అందరం పోతాం. నా మాట విను తల్లీ, ఈ ఒక్కటీ అడక్కు."

"నువ్వు పోతవు, మేమెందుకు పోతం?" ఆయన్ని పక్కకు నెట్టి తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

వరండాలో బాలమ్మ నేల తుడుస్తోంది. ఇద్దరూ ఈ మేడకే తట్టలు మోసినవాళ్ళు. ఒకరు కిందికి, ఒకరు పైకి పనికి కుదిరాక మళ్ళీ ఎదురుపడింది లేదు.

"నర్సక్కా! నువ్వేంది గిట్ల ఈడ?"

"అవన్నీ తర్వాత. జపాన్ దొర గది యాడుందో జర జూపియ్యే. ఇయ్యాల తాడో పేడో తేలాలె."

వెనకనుంచి వచ్చిన చలపతిరావు గోడకు చేరబడి కళ్ళు మూసుకున్నాడు. బాలమ్మ కర్ర ఆపి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"గాయన విమానమెక్కి పోయి నెల దాటింది గదక్కా!"