నీరజాక్షి వేసిన కార్డు

ఆ కాలానికి, ఇంట్లో కూర్చుని దూరాల వాళ్ళతో మాట్లాడుకునే హ్యామ్ రేడియోలు యజమానుల గొంతులతో వాటంతటవే కబుర్లాడుకునేవి. ఇద్దరు మనుషులు స్వయంగా మాట్లాడుకుంటేనే, మాట్లాడుకున్నట్టు రుజువుగా కార్డు అచ్చువేసి పంపాలని నియమం. కాకినాడలో ఆ కార్డులు వేసే నీరజాక్షి ముందుగా ఇద్దరికీ ఫోన్ చేసి, "మీరే మాట్లాడారా అండీ?" అని అడిగేది. "లేదమ్మా, రేడియోయే మాట్లాడింది" అనేవారు. నాలుగు నెలలుగా ఒక్క కార్డూ పడలేదు.

ఒకరోజు అలా అడిగితే ఒంగోలు నుంచి యోహానయ్య, "నేనేనమ్మా, పోర్ట్ బ్లెయిర్ సెల్వంగారితో ఇరవై నిమిషాలు మాట్లాడా" అన్నాడు.

సెల్వం ఇంట్లో కూతురు ఫోనెత్తింది. నాన్న పోయి ఏడాదైందని, ఆ గొంతు వినబడుతుందనే రేడియో ఆపడం లేదని చెప్పింది.

నీరజాక్షి ఆ సంగతి యోహానయ్యకు ఫోన్ చేసి చెప్పింది. "అయితే కార్డు రాదన్నమాట" అన్నాడాయన.

ఆమెకూ హ్యామ్ రేడియో లైసెన్సుంది. పలికేవాళ్ళు లేక రేడియో మీద గుడ్డ కప్పేసి ఏళ్ళయింది.

"రేపు పొద్దున ఏడింటికి రేడియోలో నన్ను పిలవండి" అంది.

మర్నాడు ఆయన పిలిచాడు. ఎండల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు. "టిఫినయిందా అమ్మా?" అని ఆయన అడిగేసరికి ఆమె వంటింటివైపు చూస్తూ ఉండిపోయింది.

"ఉన్నారా అమ్మా?"

"ఉన్నానండీ."

మధ్యాహ్నం కార్డు అచ్చువేసి, అందులో ఆయన పేరు పక్కన తన పేరు రాసింది. విశేషాలు రాసేచోట, 'టిఫిన్ ఇంకా కాలేదు' అని రాసి యోహానయ్యకు పోస్టు చేసింది.